కలియుగ భీముడు కోడి రామమూర్తి: బలసాధనలో మేలూ, ముప్పూ

తెలుగునాట కవులకూ, గాయకులకూ, దేశభక్తులకూ జీవితచరిత్రలు కొల్లలుగా ఉన్నాయి. కేవలం దేహబలంతో దేశదేశాల్లో మన జాతి పేరు మోగించిన వారిని గురించి వ్రాసినవారు మాత్రం తక్కువ. అట్టి బలశాలుల్లో అగ్రగణ్యులు కోడి రామమూర్తి నాయుడుగారు. కలియుగ భీముడని తెలుగువారూ, ఇండియన్ హెర్క్యులిస్ అని పాశ్చాత్యులూ ఆయనను కొనియాడారు. నేటి విద్యార్థులకు ఆయన విశాఖ సముద్రతీరాన నిలిచిన ఒక విగ్రహంగానో, శ్రీకాకుళంలోని ఒక స్టేడియం పేరుగానో మాత్రమే పరిచయం. ఆ విగ్రహం వెనుక ఉన్న మనిషిని తెలుసుకోవడం ఎంత అవసరమో, ఆయన చేసిన అసాధారణమైన బలసాధనలో ఏది అనుకరింపదగినదో, ఏది దూరం నుండి చూచి ఆనందింపవలసినదో తెలుసుకోవడం అంతకన్నా అవసరం.

ఈ విషయం మన కోనసీమకు పరాయిది కాదు. అమలాపురంలో దసరాకు జరిగే చెడీ తాలింఖానాను ఎరుగని వారు ఈ ప్రాంతంలో ఉండరు. పంతొమ్మిదవ శతాబ్దం నుండి వస్తున్న ఈ సంప్రదాయంలో వీధివీధి నుండీ జట్లు బయలుదేరి కత్తులూ, కర్రలూ త్రిప్పుతూ తమ నేర్పును ప్రదర్శిస్తాయి. తాలీం అరబ్బీ మాట. విద్య, శిక్షణ అని అర్థం. ఖానా పారశీకం, ఇల్లు అని అర్థం. కుస్తీ, పహిల్వాన్, ఉస్తాద్ అనే మాటలూ పారశీకం నుండి వచ్చినవే. సాము, గరిడీ అనే మాటల పక్కన ఇవి ఎంతగా కలిసిపోయాయంటే, ఏది ఎవరిదని అడిగే అవసరం ఎవరికీ కలుగలేదు. ఒకే మట్టిలో హిందువులూ ముస్లిములూ కలిసి చెమటోడ్చిన చోటు తాలింఖానా. రామమూర్తిగారు ఈ సంప్రదాయపు బిడ్డ.

బాల్యము

రామమూర్తిగారు 1882-83 ప్రాంతంలో వీరఘట్టంలో జన్మించారు. నాడు విశాఖపట్టణం జిల్లాలో భాగమైన ఆ ఊరు తరువాత శ్రీకాకుళం జిల్లాలో చేరింది. 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి కోడి వెంకన్ననాయుడు. తల్లి చిన్ననాడే గతించడంతో బాలుడు తండ్రి గారాబంలో పెరిగాడు. చదువుపై కన్నా ఆటపాటలపై, కుస్తీలపై మక్కువ ఎక్కువ. పిల్లవాడు చేయి జారిపోతున్నాడని తలచిన తండ్రి, విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపించారు.

ఆనాటి విజయనగరం సంగీత సాహిత్యాలకే గాక వ్యాయామానికీ పేరుపడిన పట్టణం. కండబలమున్న పిల్లవాణ్ణి బలవంతంగా పుస్తకాలకు కట్టివేయక, పినతండ్రి అతణ్ణి వ్యాయామశాలలో చేర్పించారు. రామమూర్తిగారి జీవితాన్ని మలుపు త్రిప్పినది ఈ ఒక్క నిర్ణయమే. అల్లరికి పోయే శక్తి సాధనకు మళ్ళింది. దండీలు, బస్కీలు, కుస్తీపట్లు నిత్యకృత్యాలయ్యాయి. దానితోపాటు ప్రాణాయామం, యోగాభ్యాసం కూడా ఆయన సాధనలో చేరాయి. ఇరవై ఏళ్ళు దాటేసరికి ఆ కుర్రవాని బలాన్ని గురించి ఊళ్ళు చెప్పుకోసాగాయి.

ఇక్కడ ఒక మాట గమనింపదగినది. వ్యాయామానికి మనం వాడే కసరత్తు అనే మాటకు మూలం, అరబ్బీలో బాహుళ్యం అని అర్థమున్న పదం. ఎక్కువసార్లు చేయడమే కసరత్తు. ఒక్కనాడు ఒక్క పెద్ద బండను ఎత్తడం కసరత్తు కాదు. మోయగలిగిన బరువును రోజూ, క్రమం తప్పక, పలుమారులు మోయడమే కసరత్తు. పూర్వులు మాటలోనే శాస్త్రాన్ని దాచి ఉంచారు. ప్రాచీన గ్రీసు దేశపు మల్లుడు మైలో, ఒక లేగదూడను రోజూ భుజాన వేసికొని మోస్తూ అది ఎద్దయ్యేసరికి ఎద్దునే మోశాడన్న గాథలోని సారమూ ఇదే. బరువు దినదినమూ కొద్దికొద్దిగా పెరగాలి. దానితోపాటు దేహమూ పెరగాలి.

సైదాపేట శిక్షణ

రామమూర్తిగారు కేవలం గరిడీలో పెరిగిన వస్తాదు మాత్రమే కాదు. మద్రాసులోని సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, ఉపాధ్యాయుడుగా అర్హత సంపాదించారు. పిదప విజయనగరం వచ్చి, తాము చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులయ్యారు. ఈ ఘట్టాన్ని ఆయనను గురించి చెప్పేవారు ఒక్క వాక్యంలో దాటిపోతారు. ఏనుగును రొమ్ముపై నిలిపిన కథ ముందు బడిపంతులు ఉద్యోగం చిన్నదిగా కనబడటం సహజమే. కాని ఆయన సామర్థ్యానికి పునాది ఇక్కడే పడిందని గ్రహించాలి. దేశీయమైన సామునూ, పాఠశాలలకు వచ్చిన నూతన వ్యాయామ పద్ధతినీ రెండింటినీ నేర్చినవారు ఆయన. ఏ అభ్యాసం ముందు, ఏది వెనుక, ఎవరికి ఎంత అన్న వివేకం బోధించేవానికి కావాలి. బలవంతుడు ఉపాధ్యాయుడైనప్పుడే బలం విద్య అవుతుంది.

అది ప్రపంచమంతటా బలప్రదర్శనలకు ఆదరణ పెరుగుతున్న కాలం. ఐరోపాలో యూజిన్ శాండో అనే బలశాలి పేరు మారుమోగుతున్నది. 1905 ప్రాంతంలో ఆయన భారతదేశంలోనూ పర్యటించారు. ఉత్తర హిందూస్థానంలో గామా పహిల్వాన్ 1910లో లండన్ వెళ్ళి పాశ్చాత్య మల్లులను ఎదిరించారు. గామా మెడకు బరువైన రాతివలయం తగిలించుకొని బైఠకులు తీసేవారని ప్రసిద్ధి. పరాయి పాలనలో, భారతీయులు దుర్బలులన్న నింద వింటున్న జాతికి ఈ బలశాలుల విజయాలు కేవలం వినోదాలు కావు; ఆత్మగౌరవానికి అవి ఊపిరి పోశాయి.

సర్కస్ స్థాపన

మన దేశంలో స్వదేశీయుల సర్కస్‌కు 1880లో బొంబాయిలో విష్ణుపంత్ ఛత్రే శ్రీకారం చుట్టారు. ఆ బాటలోనే రామమూర్తిగారు విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుని ప్రోత్సాహంతో, తుని రాజావారి సహాయంతో ఒక సర్కస్ సంస్థను నెలకొల్పారు. ఉపాధ్యాయపదవి విడిచి గుడారంలో అడుగుపెట్టిన ఆయనను తెలుగు జిల్లాలు అచ్చెరువుతో చూచాయి. 1912లో మద్రాసు నగరంలో ప్రదర్శనలిచ్చేనాటికి ఆయన పేరు దక్షిణాపథమంతా వ్యాపించింది.

దేహానికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచడం, రెండు మోటారు కార్లను గొలుసులతో భుజాలకు బిగించుకొని కదలకుండా నిలపడం, రొమ్ముపై బల్ల వేయించుకొని దానిపై ఏనుగును నిలపడం ఆయన ప్రదర్శనల్లో మకుటాయమానాలు. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనను మల్లమార్తాండ బిరుదుతో గౌరవించారు. పండిత మదనమోహన మాలవ్యా ఆయనను ప్రోత్సహించారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చి, ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారు. వంగదేశంలో భీమ భవానిగా కీర్తిగాంచిన భవేంద్రమోహన్ సాహా యౌవనంలో రామమూర్తిగారి సర్కస్‌లో చేరి, తానూ ఏనుగును రొమ్ముపై మోసినవాడే. ఇన్ని చేసిన రామమూర్తిగారు శాకాహారి అన్న సంగతి, మాంసం లేనిదే బలం లేదనుకొనేవారిని ఆలోచింపజేస్తుంది.

ప్రదర్శనలోని కిటుకు

రామమూర్తిగారి బలాన్ని తక్కువ చేయడానికి కాదు గాని, ఈ ప్రదర్శనలు ఎలా సాధ్యమైనాయో విద్యార్థులు తెలుసుకోవాలి. లేకపోతే అవి మహిమలుగా కనబడతాయి. మహిమ అనుకున్నదానిని తెలియక అనుకరించడం కన్న ప్రమాదం మరొకటి లేదు.

ఏనుగు పాదం నేరుగా రొమ్ముపై పడితే ఏ మానవుడూ బ్రతకడు. మధ్యనున్న బల్ల ఆ భారాన్ని విశాలంగా పరచి, రొమ్ము, తొడలు మొదలైన భాగాలకు పంచుతుంది. బల్ల కొసలు నేలకు ఆనితే కొంత భారం నేలే వహిస్తుంది. ఆ మిగిలిన భారాన్ని మోయడానికి పూరించిన ఊపిరి, బిగించిన కండరాలు కలిసి ప్రక్కటెముకల గూటికి లోపలినుండి ఆసరా ఇవ్వాలి. బల్ల ఒక అంగుళం జరిగినా, ఏనుగు తొట్రుపడినా, ఊపిరి ఒక్క క్షణం ముందు సడలినా పరిణామం చెప్పనక్కరలేదు.

కార్ల విషయమూ అంతే. రెండు కార్లు ఎదురుబొదురు దిక్కులకు లాగినప్పుడు రెండు లాగుళ్ళూ చాలావరకు ఒకదానినొకటి సరిపెడతాయి. మనిషి రెండు గొలుసులనూ కలిపి పట్టిన కొక్కెమవుతాడు. మనిషి స్థానం చలించదు గాని ఆ లాగుడంతా అతని చేతుల గుండా, భుజాల గుండా, వీపు గుండా పోవలసిందే. ఆ కీళ్ళూ, నరాలూ తట్టుకొనేటట్లు ఏళ్ళ తరబడి తయారైతేనే నిలుస్తాయి. కిటుకు తెలిసినంత మాత్రాన బలం రాదు. బలమున్నంత మాత్రాన కిటుకు తెలియదు. రామమూర్తిగారిలో రెండూ కలిశాయి.

మేలు

ఇట్టి అసాధారణ వ్యాయామాల్లో మేలు లేదని అనలేము. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండుగనాడు ఎత్తే సంగిడి రాయి గాని, గరిడీలో త్రిప్పే గద గాని, మన కోనసీమ కూలీలు భుజాన వేసికొనే ధాన్యపు బస్తా గాని, వ్యాయామశాలలోని ఇనుపకడ్డీవలె చేతికి ఒదగవు. వాటికి సమతూకం ఉండదు. రాయి జారిపోతుంది, బస్తాలోని గింజలు ఒకవైపుకు దొర్లుతాయి. ఆ జారుడును సరిచేయడానికి వ్రేళ్ళ పట్టు, ముంజేయి, నడుము, పొట్ట కండరాలు అన్నీ ఏకకాలంలో పనిచేయవలసి వస్తుంది.

ఆటగానికి కావలసినది ఇదే. కబడ్డీలో ఎదుటివాడు కడ్డీవలె నిలిచి ఉండడు, గింజుకుంటాడు, జారుతాడు. కుస్తీలోనూ అంతే. కడ్డీమీద ఎంత బరువెత్తినవాడైనా గింజుకునే బరువును ఎత్తడం అలవాటు లేకపోతే మైదానంలో తడబడతాడు. అందువల్లనే నేటి శిక్షకులు కూడా ఇసుకసంచులు, గుండ్రాళ్ళు, లారీ టైర్లు మొదలైనవాటిని ఆటగాళ్ళ సాధనలో చేరుస్తున్నారు. మన తాతలు సంగిడి రాతితో చేసినదానినే ప్రపంచం మరల కనుగొన్నది. పైగా ఇవి ఖర్చులేని సాధనాలు. వ్యాయామశాల రుసుము చెల్లించలేని పేద విద్యార్థికి ఇసుక నింపిన గోనెసంచి ఒక వరమే.

ముప్పు

అయితే మేలు ఉన్నచోటనే ముప్పు పొంచి ఉంటుంది. మొదటిది వెన్నెముకకు. నేలమీది రాతిని నడుము వంచి, వీపు గుండ్రంగా పెట్టి లాగితే భారమంతా వెన్నుపూసల మధ్యనున్న మెత్తని చకతీలపై పడుతుంది. రాతికి పిడి లేకపోవడంతో వీపు వంగకుండా ఎత్తడం కష్టం. పండుగనాడు పదిమంది చప్పట్ల నడుమ పందెం కట్టి రాయి ఎత్తబోయి, నడుము పట్టుకొని ఇంటికి పోయిన యువకులు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. చప్పట్లు ఆ పూటతో ఆగిపోతాయి; నొప్పి జీవితాంతం ఉంటుంది.

రెండవది ఊపిరి బిగించడంలో ఉన్నది. గొలుసు తెంచే వేళ ఊపిరి పూరించి బిగబట్టడం చూచి, ప్రతి బరువుకూ అదే ఉపాయమనుకొనేవారు ఎందరో. ఊపిరి బిగించి బరువునెత్తినప్పుడు రక్తపోటు ఎంతగా పెరుగుతుందో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలిచి 1985లో ప్రకటించారు. బాగా అభ్యాసమున్న యువకులు రెండు కాళ్ళతో బరువును నెట్టుతున్నప్పుడు రక్తపోటు సగటున 320/250కి చేరింది. మామూలు మనిషికి ఉండవలసినది 120/80. ఆరోగ్యవంతుడైన సాధకునికి అది క్షణకాలపు పోటు మాత్రమే కావచ్చు. రక్తపోటు వ్యాధి గాని, తెలియని గుండెజబ్బు గాని ఉన్నవానికి ఆ క్షణమే చాలు. పొట్టలో ఒత్తిడి పెరిగి గిలక దిగడమూ ఇట్టివారిలో కద్దు.

మూడవది అన్నిటికన్న సూక్ష్మమైనది, కొలత లేకపోవడం. ఇనుపబిళ్ళలతో ఎత్తేవానికి నిన్న ఎంత, నేడు ఎంత అన్నది లెక్క తెలుసు. నిన్నటికన్న రెండు కిలోలు మాత్రమే పెంచగలడు. రాతికి ఆ సౌకర్యం లేదు. చిన్నరాయి తరువాత పెద్దరాయే. మధ్యలో మెట్టు లేని నిచ్చెనవంటిది అది. తూచి, గుర్తువేసి, క్రమంగా పెంచే ఉస్తాదు దగ్గర లేకపోతే ఆ నిచ్చెన ఎక్కకపోవడమే మంచిది.

నియమబద్ధమైన క్రీడలో సైతం ముప్పు లేకపోలేదు. ఒలింపిక్ బరువుల పోటీలో ఒకప్పుడు ప్రెస్ అనే మూడవ పద్ధతి ఉండేది. నిటారుగా నిలిచి చేతులతో బరువును పైకి నెట్టాలన్నది నియమం. కాని పోటీదారులు రానురాను నడుమును వెనుకకు విల్లులా వంచి నెట్టసాగారు. తీర్పు చెప్పడం కష్టమైంది. నడుములకు హాని అన్న భయమూ కలిగింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత ఆ పద్ధతినే తొలగించారు. పతకం ఎంత గొప్పదైనా వెన్నెముక అంతకన్న గొప్పదని క్రీడాలోకమే అంగీకరించిందన్నమాట.

చివరి దినములు

రామమూర్తిగారి చివరి కథ విషాదకరమైనది. కీర్తీ, ధనమూ సమృద్ధిగా వచ్చినా, అవి ఆయన చేతిలో నిలువలేదు. దానధర్మాలకు చేయి వెనుదీయని స్వభావమని ప్రసిద్ధి. తుదిదశలో ఒడిశాలోని బలంగీరులో, నాటి పాట్నా సంస్థాన ప్రభువుల ఆశ్రయంలో గడిపారు. కాలికి పుండు పుట్టి, అది మానక, ఆ కాలిని తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్సకు మత్తుమందు వలదని, ప్రాణాయామంతోనే ఆ బాధను సహించారని చెప్పుకుంటారు. 1942 జనవరిలో, సంక్రాంతి దినాలలో, ఆయన కన్నుమూశారు.

ఏనుగును మోసిన దేహాన్ని ఒక పుండు పడగొట్టింది. ఆయన ప్రదర్శనలవల్లనే ఆ వ్యాధి వచ్చిందని చెప్పడం సత్యం కాదు. కాని దేహబలానికి హద్దున్నదనీ, ఎంతటి బలశాలికైనా సంరక్షణ అవసరమనీ ఈ ఘట్టం తెలుపుతున్నది. కండరాలు గట్టివైనంత మాత్రాన రోగం దరికి రాదన్న భ్రమ మన యువకుల్లో నేటికీ ఉన్నది. ఆ భ్రమను వదలించడానికి ఈ ఒక్క జీవితం చాలు.

మనము గ్రహింపవలసినది

రామమూర్తిగారు గతించిన ఆరు దశాబ్దాలకు లోపుననే, ఆయన పుట్టిన సీమనుండే మరొక బలం వెలుగులోకి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోల బరువెత్తి కాంస్యపతకం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. రామమూర్తిగారి బలాన్ని గుడారంలోని ప్రేక్షకుల చప్పట్లు కొలిచాయి. మల్లేశ్వరి బలాన్ని కిలోలు కొలిచాయి. ఇద్దరికీ మూలధనం ఒక్కటే: చిన్ననాడే మొదలైన, గురువు కనుసన్నలలో నడిచిన, విరామమెరుగని సాధన. అమలాపురం ముద్దుబిడ్డ రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ జంటల పోటీలో చిరాగ్ శెట్టితో కలిసి 2023లో హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడు మనం చూచినదీ ఆ సాధన ఫలమే.

కావున విద్యార్థి మిత్రులు రామమూర్తిగారి జీవితంలో పై అంచునున్న ఏనుగును గాక, అడుగుననున్న దండీలనూ, బస్కీలనూ చూడాలి. ఇసుకసంచి మోయదలచినవాడు ముందు తన దేహబరువుతో చేసే కసరత్తును కొన్ని నెలలు చేయాలి. సంచిని తూచి, ఇసుకను కొద్దికొద్దిగా పెంచాలి. వీపు నిటారుగా, మోకాళ్ళు వంచి ఎత్తాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. ఒంటరిగా ఎత్తరాదు. పందేనికి అసలే ఎత్తరాదు. నొప్పి కలిగిననాడు ఆగడం పిరికితనం కాదు. అది సాధనలో భాగమే.

దేహం మన సొత్తు కాదనీ, సృష్టికర్త మనవద్ద ఉంచిన అమానత్ అనీ ఇస్లాం బోధిస్తుంది. ధర్మం ఆచరించడానికి దేహమే మొదటి సాధనమని మన సంస్కృత కవులూ భావించారు. రెండు మాటల సారమూ ఒక్కటే. అప్పగించిన సొమ్మును పెట్టెలో దాచి తుప్పు పట్టించేవాడూ, పందెంలో ఒడ్డి పోగొట్టుకొనేవాడూ ఇద్దరూ నమ్మకద్రోహులే. దానిని జాగ్రత్తగా వాడి, వృద్ధి చేసి, అడిగిననాడు తిరిగి అప్పగించేవాడే బలవంతుడు.